కంకర ఓడ మునిగిన పొద్దు

మా ఓడ మోసేది కంకర. గల్ఫ్‌కు అవతలి వైపు కొండలు పగలగొట్టి తీసిన నల్లరాయిని ఖతార్ రోడ్లకీ మేడలకీ తెచ్చేవాళ్లం. నేను ఇంజన్ రూంలో పని చేసేవాణ్ణి. శ్రీకాకుళం తీరంలో వలలు లాగుతూ పెరిగాను. డెక్కు మీది పనంతా చూసే సరంగుదీ మా తీరమే. నన్ను ఓడెక్కించింది ఆయనే. మామా అని పిలిచేవాణ్ణి.

వంటవాడిది జగిత్యాల దగ్గరి పల్లె. మొదట దోహాలో సైటు పనికి వచ్చి, ఎండకు తాళలేక ఓడలో చేరాడు. వాళ్లన్న దోహాలోనే ఒక క్యాంపులో ఉంటూ తాపీ పని చేసేవాడు. "మా అవ్వకు నేను ఓడల ఉన్నట్టే తెల్వదన్నా. దుబాయ్ల ఉన్న అనుకుంటది" అని నవ్వేవాడు వంటవాడు. పప్పులో చింతపండు ఎక్కువేశావని సరంగు రోజూ తిట్టేవాడు, రోజూ రెండోసారి వడ్డించుకునేవాడు.

ఆ చలికాలం మేం ఖతార్ తీరానికి ఒక పూట దూరంలో ఉండగా శమాల్ లేచింది. ఉత్తరం నుంచి దిగే ఈ గాలిని ఇక్కడ అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. గల్ఫ్ లోతు తక్కువ సముద్రం. మా బంగాళాఖాతంలో అల పెద్దదైనా ఊపిరి తీసుకోనిస్తుంది. ఇక్కడ అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వీపు మీద ఇంకొకటి పడుతూ గుద్దుతాయి.

తెల్లవారగానే సరంగు కెప్టెన్ దగ్గరికి వెళ్లి, దగ్గర్లో ఉన్న దీవి చాటున లంగరు వేద్దామన్నాడు. కంకర నింపిన హోల్డు పైమూతలు పాతవి, దెబ్బ తట్టుకోవని కూడా చెప్పాడు. ఆలస్యమైతే రేవులో మన చోటు ఇంకొకరికి పోతుందని కెప్టెన్ ఒప్పుకోలేదు. మామ కిందికి దిగివచ్చి ఇంజన్ రూం గుమ్మంలో నిలబడి నాతో అన్నాడు: "ఆయన ఇనడు. నువ్వు సెవులు పైకెట్టుకునుండు. నాను అరిస్తే పనొగ్గేసి వచ్చీ."

కాసేపటికి ఓడ దేన్నో గుద్దుకున్నట్టు అదిరింది. అల మూతను చీల్చేసింది. నీళ్లు కంకర మీద పడి, రాతిపొడిని ముద్ద చేసి కిందికి లాక్కొచ్చాయి. నీళ్లు తోడే పంపుల గొంతులో ఆ ముద్ద సిమెంటులా పట్టేసింది. నేను పంపు జల్లెడలోకి చేతులు పెట్టి తవ్వి పారేస్తున్నాను, అది మళ్లీ నిండుతోంది. వేళ్ల చర్మం లేచిపోయింది. ఓడ ఎడమకు ఒరిగింది, తిరిగి లేవలేదు. గోడకు బిగించిన పనిముట్ల పెట్టె ఊడి జారుతూ వచ్చి, నా పైవాడైన ఇంజనీరు మోకాళ్లను గోడకు నొక్కేసింది. పెట్టెను నేను లాగుతుంటే, ఆయన స్పానర్ ఎత్తి నా భుజం మీద కొట్టాడు. మెట్ల వైపు చూపించాడు. అప్పుడే దీపాలు ఆరిపోయాయి. పైనుంచి మామ కేక వినిపించింది.

ఆయన్ని అక్కడే వదిలి మెట్లెక్కి వంటగది దాటబోతుంటే లోపల అరుపు. మరుగుతున్న గంజి దబరా ఓడ ఒరిగినప్పుడు వంటవాడి కాళ్ల మీద పడింది. వాడు నేల మీద కూర్చుని ఉన్నాడు. లుంగీ కాళ్లకు అంటుకుపోయింది.

"లేవలేనన్నా, లేవలేను!"

చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చాను. గడప తగిలినప్పుడల్లా వాడు నా చేతిని కొరికాడు.

డెక్కు అప్పటికి డెక్కులా లేదు, ఒక గోడలా నిలబడి ఉంది. మూత పోయిన హోల్డులోకి సముద్రం వాగులా దూకుతోంది. బిగుసుకున్న ఇనుపతాడు ఒకటి తెగి కొరడాలా తిరిగింది. దాని దారిలో ఉన్న నావికుడి ఛాతీకి తగిలింది. నోరు తెరిచాడు గాని కేక రాలేదు. అతన్ని అల తీసుకుపోయింది.

రబ్బరు తెప్ప నీళ్లలో పడి గాలి నింపుకుంది. ఇద్దరు ముగ్గురు అందులోకి దూకారు. నేను డెక్కు అంచు కమ్మీ పట్టుకుని ఉండిపోయాను. సముద్రంలోనే పెరిగినవాణ్ణి, అయినా వేళ్లు విడవడం లేదు. వంటవాడు నా పక్కనే కమ్మీకి ఆనుకుని ఉన్నాడు. మామ పాకుతూ వచ్చాడు. వంటవాడికి లైఫ్ జాకెట్ లేదు. మామ తనది విప్పి వాడి మెడలో వేసి బిగించాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఒగ్గీరా! దూకీ!"

"వల్లకాదు మామా!"

పిడికిలితో నా మూతి మీద గుద్దాడు. పళ్లు నాలుక మీదికి రాలాయి. అయినా నేను వదల్లేదు. మడమతో నా వేళ్ల మీద తొక్కాడు, మళ్లీ తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు ఆ గాలిలోనూ నాకు వినిపించింది. నేను నీళ్లలో పడ్డాను. తెప్పలోవాళ్లు జుట్టు పట్టి లాగారు.

మామ వంటవాణ్ణి భుజానికెత్తుకుంటుండగా ఓడ బోర్లా పడింది. కాసేపు ఆ ఇద్దరూ కనబడలేదు. తర్వాత ఓడ అడుగు పక్కన తేలారు. అడుగంతా గవ్వలు, నత్తలు పట్టి రంపంలా ఉంటుంది. వంటవాడు దాన్ని గోళ్లతో గీరుతూ ఎక్కాలని చూస్తున్నాడు. మామ కింద నుంచి తలతో వాణ్ణి పైకి నెడుతున్నాడు. అల ఇద్దర్నీ ఇనుముకు వేసి కొట్టేది. వాడు జారేవాడు, మామ మళ్లీ నెట్టేవాడు. మేం తెడ్లు వేసినా గాలి మమ్మల్ని అవతలికే తోసింది. గొంతు పోయేదాకా అరిచాను. ఓడ తోక పైకి లేచి, లోపలి గాలి బుస్సుమని బయటికి తన్నుతుండగా ఓడ కిందికి పోయింది. అది పోయిన చోట నీళ్లు సుడి తిరిగాయి.

కోస్ట్ గార్డు వాళ్లు మమ్మల్ని ఆ మధ్యాహ్నమే ఎత్తుకున్నారు. మర్నాడు వంటవాడి శవం తేలుతూ దొరికింది. కెప్టెన్, ఇంజనీరు, మామ, ఇంకా కొందరు దొరకనే లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక దోహా ఉమ్ ఘువైలినా పేటలో ఒక గదిలో ఉన్నాను. వంటవాడి అన్న, తమ్ముడి శవాన్ని ఊరికి పంపించి, నా దగ్గరికి వచ్చాడు. నాకంటే పెద్దవాడు, సున్నం తిన్న చేతులు. కూర్చోలేదు.

"ఎట్ల వోయిండు?"

"వెంటనే పోయాడన్నా. బాధ పడలేదు."

నా చొక్కా పట్టి గోడకేసి కొట్టాడు. తల దిమ్మెక్కింది. "దొంగమాటలు చెప్పకు! నేను సూసిన ఆన్ని. కాళ్లకు తోలు లేదు. గోర్లు లెవ్వు. ఉత్తగ వోయినోనికి గోర్లెట్ల వోతయ్?"

చెప్పాను. గంజి దగ్గర్నుంచి సుడి దాకా, ఊడిన పళ్లతో, నత్తిగా చెప్పాను. ఆయన పట్టు వదలకుండానే విన్నాడు. జాకెట్ సంగతి వచ్చినప్పుడు చెయ్యి సడలింది.

"ఆ జాకెట్ సరంగుదా?"

"అవును."

"మరి ఆయనకో?"

"లేదు."

నేల మీద కూలబడ్డాడు. "అది లేకుంటే నా తమ్ముడు దొరకకపోతుండె. మా అవ్వ ఆని మొఖం సూడకపోతుండె" అన్నాడు. తర్వాత, "ఆయనింట్ల ఎవరున్నరు?" అని అడిగాడు.

భార్య ఉంది, నేను అత్తా అని పిలిచే ఆవిడ. నేను ఫోన్ చేస్తే, "శవం సూపెట్టి సెప్పు" అని పెట్టేసేది. దొరకలేదన్న మాటను బతికే ఉన్నాడన్నట్టు పట్టుకుని, గాజులు తియ్యకుండా, తీరం వంక చూస్తూ కూర్చుంది.

తర్వాతి ఏడు సెలవు మీద వెళ్లినప్పుడు ఆ తాపీ మేస్త్రి జగిత్యాల నుంచి రైళ్లు మారి శ్రీకాకుళం వెళ్లాడు. నాకు ముందు చెప్పలేదు. అప్పటికి నేను ఓడ మానేసి దోహా శివారు ఐన్ ఖాలిద్‌లో ఒక ఇంటికి డ్రైవరుగా ఉన్నాను. పిల్లల్ని బడిలో దింపి బండిలో కూర్చునుంటే అత్త ఫోన్ చేసింది.

"ఎవులో బాబు వచ్చినాడ్రా. ఆ బాబు మాట సగం నాకు తెలీనేదు. మీ మామ పోనాడన్నాడని ఆ బాబుని గుండెల మీద గుద్దినాను. సెంప మీద కొట్టినాను. కదల్లేదు. కొట్టమ్మా అన్నాడు. నా సేతులు నొప్పెట్టినాక, తమ్ముడికి మీ మామ ఏటి సేసినాడో సెప్పినాడు. తమ్ముడి కాళ్లెలాగున్నాయో, వేళ్లెలాగున్నాయో అన్నీ సెప్పినాడు. అప్పుడు నమ్మినాను."

మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టించి తీరాన కాల్చారు. శవం దొరకనివాళ్లకు అలా చేస్తారు. కర్రలు పేర్చడానికి ఆ మేస్త్రీ చెయ్యి వేశాడట.

తిరిగొచ్చాక ఒక శుక్రవారం నా గదికి వచ్చాడు. అత్త పంపిన ఎండుచేపలు తెచ్చాడు. తనే వండాడు. ఇద్దరం ఒక పళ్లెంలో తిన్నాం. నా వేళ్లు సరిగా ముడుచుకోవు కాబట్టి ముళ్లు ఆయనే తీసిపెట్టాడు. మధ్యలో లేచి బాత్రూంలోకి వెళ్లి నల్లా పూర్తిగా తిప్పాడు. ఆ నీళ్ల చప్పుడులో చాలాసేపు ఉండి, మొహం కడుక్కుని వచ్చి, మళ్లీ అన్నం కలుపుకున్నాడు.