దూరంగా ఉన్న బంతి

కళింగపట్నం ఒడ్డుకి పడవలు చేరే వేళకి పోతురాజు గోల్ఫ్ కర్ర పట్టుకుని వస్తాడు. విశాఖలో ముప్పయ్యేళ్లు ఆఫీసర్ల వెనక కర్రల సంచి మోసిన మనిషి. ఆ బరువుకి వాలిన ఎడమ భుజం మళ్లీ లేవలేదు. "ఇక్కడ మొయ్యకు, ఆడు" అని అతని చేతికి కర్ర ఇచ్చింది రిటైరై ఈ ఊరొచ్చిన డాక్టరు నరసింగరావు. నాలుగేళ్లు రోజూ నడిచేసరికి డాక్టరుకి షుగరు తగ్గింది, పోతురాజు సారా మానేశాడు. ఒకరి గుమ్మం ఒకరు తొక్కని ఇద్దరూ ఇసుకలో పక్కపక్కన నడిచారు. హుద్‌హుద్ తుపాను వెళ్లిన నెలకి డాక్టరు పోయాడు. పోతురాజు మాత్రం ఇప్పటికీ రెండు బంతులు తెస్తాడు, తనదొకటి, డాక్టరుదొకటి. ఇసుకలో తవ్విన గుంటకి ఎవరి బంతి దూరంగా ఉంటే వాళ్లదే ముందు వంతు. డాక్టరుది దూరంగా ఉంటే "మీదే ముందండీ" అని పక్కకి జరిగి, ఒక మనిషి గురి చూసుకునేంతసేపు ఆగి, అప్పుడు తనే కొడతాడు. అది డాక్టరు కొట్టినప్పటిలాగే ఎడమకే పోతుంది.

ఒకరోజు అలా పోయి, చేపలు ఎండబెడుతున్న పెళ్లాం బుల్లమ్మ కాళ్ల దగ్గర ఆగింది. ఆమె తీసి అందించబోయింది. పోతురాజు చెయ్యెత్తి ఆపాడు.

"ఒసే, ఎక్కడిదక్కడ ఎట్టీయే. డాక్టరుగారు అక్కడినుండి ఇంకా ఆడనేదు."

"సచ్చిపోయినోడు ఏటి ఆడతాడు మావా?"

అతను పక్కకి జరిగి నిలబడ్డాడు. ఆ నిలబడడం చూసి బుల్లమ్మ బంతిని మెల్లగా ఇసుకలో పెట్టేసింది.

మర్నాడు ఆమె చేపలు పరుస్తూ మధ్యలో దారి వదిలింది. ఇద్దరు పక్కపక్కన నడిచేంత దారి.