మార్తక్క చదివించిన ఆఖరి వరుస

పోయిన వారం మా జగిత్యాల ఆఫీసులో కొత్తగా చేరిన ఒకావిడ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే కంప్యూటరు మీటలు నొక్కుతోంది. టక్... కాసేపు ఆగి మళ్లీ టక్. నొక్కే ముందు ప్రతి అక్షరాన్నీ పెదవులతో పలుకుతోంది. నేను చేస్తున్న పని ఆపి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఆసుపత్రులకూ బడులకూ దుకాణాలకూ వెబ్‌సైట్లు చూసిపెట్టడం మా ఆఫీసు పని. అవి తెరుచుకోనప్పుడు ఫోన్లు వచ్చేది నాకు. పది వేళ్లూ పరుగులు పెట్టించే వాళ్ల మధ్య ఇన్నేళ్లుగా ఉన్నాను గానీ, ఆ ఒంటివేలి చప్పుడు విని చాలా కాలమైంది. అలా టైపు చేసే మనిషి దగ్గరే నేనీ పని నేర్చుకున్నాను. ఆమె పేరు మార్త. కోరుట్ల బస్టాండు రోడ్డులో అందరికీ మార్తక్క.

మార్తక్కది సారంగాపూర్ వైపు ఊరు. సెంటు భూమి లేని కూలి కుటుంబం. పదో తరగతి దాకా చదివి, పెళ్లయి, భర్త పోయాక ఇంటిపనికని గల్ఫ్ వెళ్లింది. కొన్నాళ్లకు అక్కడే ఒక కంప్యూటర్ కంపెనీలో గదులు తుడిచి చాయ్ అందించే పని దొరికింది. చాయ్ కప్పులు బల్ల మీద పెట్టేసి వెంటనే వచ్చేది కాదట. ఇంజనీర్లు తెర మీద ఏం చూస్తున్నారో వాళ్ల భుజాల మీదుగా చూస్తూ నిలబడేదట. అది గమనించిన ఒక మలయాళీ ఇంజనీరమ్మ భోజనం వేళల్లో ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. కోరుట్లకు తిరిగొచ్చి ఒక్క షట్టరు గదిలో రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు పెట్టి నెట్ సెంటరు తెరిచింది. చాయ్ పోసే మనిషికి కంప్యూటర్ ఏం తెలుసని మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత వీసా కాగితాలు పట్టుకుని ఆమె గుమ్మంలో వరుస కట్టారు.

నాది సిరిసిల్ల. మా నాన్న మరమగ్గాల కార్ఖానాలో నేసేవాడు. ఆర్డర్లు ఆగిపోయి షెడ్లు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజుల్లో మా అన్న శ్రీను గల్ఫ్ వెళ్లిపోయాడు. నన్ను కోరుట్లకిచ్చారు. మా ఆయన ఆటో నడిపేవాడు, నేను బీడీలు చేసేదాన్ని. ఇంటర్ పాసైన సంగతి నాకే గుర్తుండేది కాదు. అన్న పంపిన కాగితం ఒకటి ప్రింటు తీయిద్దామని మార్తక్క దగ్గరికి వెళ్లిన రోజు ఆమె బయట ఎవరితోనో మాట్లాడుతోంది. తెర మీద ఏదో ఎర్రగా వచ్చింది. నేను కంగారుపడి కేకేశాను.

"అక్కా, ఏందో ఎర్రర్ అచ్చింది!"

"ఏం రాసున్నది?" అంది, కదలకుండా.

"ఎర్రర్ అనే ఉన్నదక్కా."

"అది తలకాయ. దాని కింద ఏం రాసున్నదో జెప్పు."

కూడబలుక్కుంటూ చదివాను. ప్రింటరులో కాగితం లేదని రాసుంది, అంతే. మార్తక్క లోపలికి వచ్చి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఇంగ్లీషు సదువుతున్నవ్ గదా, మరి భయపడుడెందుకు? అది నిన్ను తిడ్తలేదు పిల్లా, నీతోని మాట్లాడుతున్నది. ఆఖరి వరుసదాక ఇన్నంక భయపడుదువు గని. రేపటిసంది పనికి రా."

మర్నాటి నుంచి వెళ్లాను. నా చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టింది. తెర మీద ఏ లోపం కనిపించినా, అర్థమైనా కాకపోయినా, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా అందులో రాయాలి. రాయకుండా కంప్యూటరు ఆపి మళ్లీ వెలిగిస్తే ఊరుకునేది కాదు. "అది చెప్పేది ఇనకుండ నోరు మూస్తవా?" అనేది. మొదట్లో విసుగొచ్చేది. ఆ పుస్తకం సగం నిండేసరికి నాకు తెలియకుండానే భయం పోయింది.

ఆ తర్వాతి ఏడాది మా వాళ్లు ఎక్కువగా పనిచేసే గల్ఫ్ దేశంలో ఆమ్నెస్టీ ఇచ్చారు. కాగితాలు లేకుండా దాక్కుని బతుకుతున్న కూలీలు శిక్ష లేకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ గడువులోగా ఒక వెబ్‌సైటులో పేరు నమోదు చేయించుకోవాలి. చాలామందికి అక్కడ ఆ వీలు లేదు. ఫోనులో వివరాలు చెబితే ఇక్కడ భార్యలో తల్లులో మా లాంటి సెంటర్లకు వచ్చి నమోదు చేయించేవారు. ఆ సైటు మొదట్లో మా వైపు సరిగా తెరుచుకోలేదు. ఎవరో తెలిసినాయన దాని పేరుకు బదులు అంకెల చిరునామా కనిపెట్టి చీటీల మీద అచ్చు వేయించి పంచాడు. దాన్ని ఐపీ నంబరు అంటారు. ఆ అంకెలు కొడితే సైటు తెరుచుకునేది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సెంటర్లన్నీ ఆ చీటీనే గోడకు అంటించుకున్నాయి. అసలు పేరు అందరూ మరిచిపోయారు.

గడువు ముగిసే రోజు పొద్దున ఆ అంకెలు కొడితే తెర నిండా ఎర్ర అక్షరాలు వచ్చాయి. పెద్దగా 'బ్లాక్డ్' అని ఉంది. ఆ ఒక్క మాట ఊళ్లన్నీ చుట్టేసింది. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఇళ్లలో బ్లాక్ అంటే ఒకటే అర్థం: అక్కడ పని ఇచ్చిన సేటు కేసు పెట్టాడు, మనిషి పేరు నిషేధం జాబితాలో చేరింది, ఇక విమానం ఎక్కనివ్వరు. జగిత్యాలలో ఒక ఏజెంటు ఆ భయాన్ని పట్టుకుని, జాబితాలోంచి పేరు తీయిస్తానని కబురు పెట్టడం మొదలుపెట్టాడు.

అదే రోజు మధ్యాహ్నం ఇబ్రహీంపట్నం నుంచి పద్మ వచ్చింది. ఆమె భర్త నర్సయ్య పారిపోయిన కూలీగా ఎడారిలో ఎక్కడో ఒంటెల కొట్టంలో తలదాచుకుంటున్నాడు. అతని వివరాలు వారం కిందటే మా దగ్గరే సగం నింపాం. పాస్‌పోర్టు కాపీ దొరక్క ఆగింది. ఇప్పుడు కాపీ తెచ్చింది. తెర చూసి అక్కడే నేల మీద కూలబడింది. కొంగు ముడి విప్పి తన పుస్తెల గొలుసు చూపించింది.

"జగిత్యాల పోత మార్తక్కా. గా ఏజెంటుకు గిది ఇచ్చి నా మొగని పేరు తీపిస్త. నాకింక వేరే తొవ్వ లేదు."

గది నిండా, బయట మెట్ల మీదా మరో ఇరవై మంది ఆడవాళ్లున్నారు. మార్తక్క పద్మను లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. నా వైపు తిరిగింది.

"సుజాతా, సదివినవా?"

చదవలేదు. నోటు పుస్తకం నింపిన నేనే ఆ రోజు 'బ్లాక్డ్' దగ్గర ఆగిపోయాను. కాగితాలు లేకుండా అక్కడే చిక్కుకున్న మా అన్న శ్రీను పేరు కూడా సిరిసిల్ల సెంటరులో అలాగే ఆగి ఉంది మరి. పైకి చదివాను. మధ్యలో ఏవో తేదీలు, సంకేతాలు. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఒక వరుస: 'డైరెక్ట్ ఐపీ యాక్సెస్ నాట్ అలౌడ్.'

మార్తక్క కళ్లు మూసుకుని ఆ వరుసను మళ్లీ చదవమంది. చదివాను. కళ్లు తెరిచి గోడ మీది చీటీ చూసింది.

"దీంట్ల నర్సయ్య పేరు ఉన్నదా?"

"లేదక్కా."

"ఎవల పేరన్న ఉన్నదా?"

"లేదు."

"మరి నర్సయ్యను ఆపిందని ఎవలు చెప్పిండ్రు? ఇది ఆపింది మనల్ని. నంబరు కొట్టి రావద్దు, పేరు రాసి రమ్మంటున్నది. నేను పనిచేసిన కాడ గిట్లనే పెట్టిండ్రు. సైటుకు కొత్తగ కావలి పెడితే, ఒక్క నంబరు ఎనక వంద సైట్లుంటయ్. పేరు చెప్పకుంటె ఏ సైటు తెరవాల్నో దానికి ఎట్ల తెలుస్తది?"

అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. నాకప్పుడు ఒక ఆలోచన వచ్చింది. సగం నింపిన రోజు పద్మ ఫోనుకు సైటు నుంచి ఒక మెసేజి వచ్చింది కదా! ఫోను తీసుకుని వెనక్కి వెనక్కి వెతికాను. దొరికింది. దాని అడుగున సైటు పేరుంది. నేను ఒక్కో అక్షరం చెబుతుంటే మార్తక్క ఒంటివేలితో నొక్కింది. టక్, టక్. ఎర్ర అక్షరాలు పోయి సైటు తెరుచుకుంది. ఆడవాళ్లంతా ఒక్కసారి కేక పెట్టారు.

ఆ సంబరం నిమిషం కూడా నిలవలేదు. నర్సయ్య దరఖాస్తు పేజీకి వారం కిందట దాచుకున్న లింకు నొక్కగానే మళ్లీ 'బ్లాక్డ్'. పద్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. "చూసినవా అక్కా, ఆయన పేరు కాడికి రాంగనే ఆపింది," అంది. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. మార్తక్క మాత్రం తెర పై అంచున చిరునామా ఉండే గడి మీద వేలు పెట్టింది. దాచుకున్న లింకు ముందు భాగంలో ఆ పాత అంకెలే కూర్చున్నాయి.

"అంకెలు తీసెయ్యి. తోక ముట్టకు. తలకాయ కాడ పేరు రాయి. ఈసారి నువ్వే రాయి," అని కుర్చీలోంచి లేచింది.

రాశాను. పేజీ మెల్లగా పైనుంచి కిందికి విచ్చుకుంది. ముందు నర్సయ్య పేరు, తర్వాత ఊరు, ఆ తర్వాత అతని ఫోటో. పాస్‌పోర్టు కాపీ జతచేసి పంపించాను. నమోదైందని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. పద్మ వాటిని చదవలేదు, నా మొహం చదివింది. గొలుసు అక్కడే మెడలో వేసుకుంది.

ఇరవై మంది పని ఇంకా మిగిలే ఉంది. నేను రెండో దరఖాస్తు మొదలుపెట్టేలోపు మార్తక్క ఫోను తీసి ఎదురుగా ఉన్న సెంటరు వాళ్లను పిలిచింది. ఆ తర్వాత జగిత్యాల, ఆ తర్వాత సిరిసిల్ల. ఎవరెత్తితే వాళ్లకు సైటు పేరు అక్షరం అక్షరం పలికి రాయించింది. ఆ ఎదుటి సెంటరాయన మా మీద లేనిపోనివి చెప్పి గిరాకీని లాక్కునేవాడు. నాకు మండుకొచ్చింది.

"ఆయనకెందుకు చెప్తున్నవక్కా? మనల్ని ఎంత తిప్పలు పెట్టిండు!"

మార్తక్క ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నన్ను చూసింది. "ఆయన కాడ కూసున్నోళ్లు గూడ ఏడుస్తనే ఉన్నరు గదనే."

గడువు ముగిసేలోగా మా గదిలోని ఆఖరి మనిషి పేరు కూడా ఎక్కింది. సిరిసిల్ల నుంచి నాన్న ఫోను చేశాడు. "పోరని పేరు పడ్డది బిడ్డా! ఎవలో కోరుట్లకెల్లి చెప్పిండ్రంట," అన్నాడు. ఫోను మార్తక్క చేతికిచ్చాను. నెల తిరిగేసరికి అన్న వచ్చాడు. నర్సయ్య వచ్చాడు, ఎండకు నల్లబడి, బరువు సగమై, అయినా నవ్వుకుంటూ మా మెట్లెక్కాడు. మార్తక్క అతనికి చాయ్ పోసింది. "నిన్ను ఫోటోల చూసిన. గాడ ఇంక జర లావుండె," అంది. గదంతా నవ్వింది. ఆ ఏజెంటు దుకాణం కొన్నాళ్లకు మూతపడింది.

జగిత్యాలలో ఈ ఉద్యోగానికి నన్ను బలవంతంగా పంపింది మార్తక్కే. డిగ్రీ లేదని నేను వెనకాడితే, నా నోటు పుస్తకాలన్నీ సంచిలో వేసి బస్సెక్కించింది. ఆఫీసు సారు నా చదువు గురించి అడగడం మానేసి ఆ పుస్తకాలు తిరగేస్తూ కూర్చున్నాడు. పనిలో చేరమన్నాడు. ఆ సంగతి చెబితే మార్తక్క కోరుట్ల రోడ్డు మీద ప్రతి దుకాణంలోనూ చెప్పుకుంది. మూడేళ్ల కిందట జబ్బు చేసి పోయింది. సెంటరు ఇప్పుడు పద్మ నడుపుతోంది. తనూ నాలాగే బీడీల చాట పక్కన పెట్టి కంప్యూటరు నేర్చుకుంది. నర్సయ్య అక్కడే పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాడు.

పోయిన నెల ఒక ఆసుపత్రి సైటు తెరుచుకోవడం లేదని ఫోను వచ్చింది. లోపం పట్టుకునేసరికి పొద్దంతా పట్టింది. మా పోటీ కంపెనీ చూసే ఆసుపత్రులకు కూడా అదే లోపం వచ్చి ఉంటుందని అర్థమైంది. ఫోను తీసి వాళ్లకు చెప్పాను. అవతలి కుర్రాయన కాసేపు అనుమానంగా విన్నాడు. రాసుకున్నాక, "మాకెందుకు చెప్తున్నరు మేడం?" అని అడిగాడు.

"మీ కాడ గూడ డాక్టరు కోసం కూసున్నోళ్లు ఉంటరు గద తమ్మీ," అన్నాను. ఇంకో కంపెనీ నంబరు కూడా వెతికి పిలిచాను.