ఆమెన్ అనేలోపల మాడిన పప్పు

నా నోటిని కుట్టేయాలబ్బా! పోయిన బుధవారం నేను చేసిన ఘనకార్యం వింటే మీరే సూదికి దారం ఎక్కించిస్తారు. టీ పోయండి, చెప్తా.

చింతామణిలో మా చర్చి వెనక కాలనీ పిల్లలకి ఆదివారం సాయంత్రం యూత్ మీటింగ్ పెడతా కదా. చదువు, బైబిలు, ఇంట్లో కష్టం సుఖం అన్నీ మాట్లాడుకుంటాం. అందులో పవిత్ర అని సెకెండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు పిల్ల. ఆ ఆదివారం అందరూ పోయినాక నన్ను పట్టుకోని ఒకటే ఏడుపు.

"అక్కా, మ్యాథ్స్‌లో ఫెయిల్. అమ్మకి రిజల్ట్ ఇంకా రాలేదని చెప్పినా. తెలిస్తే చదువు నిలిపి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనికి పంపిస్తాది. మళ్లీ ఎగ్జామ్ రాసి పాసయినాక నేనే చెప్తా. నువ్వు ఎవరికీ చెప్పొద్దు, ఊరికే ప్రార్థన చెయ్యి."

"నా ప్రాణం పోయినా చెప్పను" అని మాటిచ్చినా. మా ఆయనకి కూడా చెప్పలేదు, చూడండి! నా నోట్లో నువ్వుగింజ నానదని దినామూ ఎగతాళి చేసే మనిషి ఆయన. మూడు దినాలు ఓర్చుకుంటి. నన్ను నేనే మెచ్చుకుంటి.

బుధవారం వాళ్లింటికి పలకరించొద్దామని పోతి. వాళ్లమ్మ లక్ష్మమ్మ అప్పుడే టమాటా మండీ నుంచి వచ్చి పొయ్యిమీద పప్పు పెట్టింది. "రామ్మా, కూర్చో. మా పిల్ల రిజల్ట్ ఇంకా రాలేదంట. ఒక ప్రార్థన చేసిపో" అనింది. పవిత్ర బెదురుగా నా వైపు చూసె. భయపడొద్దని కండ్లతోనే చెప్పి, ఆ కండ్లు మూసుకుంటి.

ప్రార్థన మొదలుపెడితే నాకు ఒళ్లు తెలీదు. మనుషుల దగ్గర దాచాల గానీ, దేవుని దగ్గర దాపరికమేముంది? "ప్రభువా, ఈ తల్లి మండీలో పడే కష్టం చూడు. లెక్కల్లో పోయిందని ఈ బిడ్డ ఎట్లా ఏడుస్తాందో చూడు. అమ్మకి చెప్పలేక..."

అయ్యో! అయిపోయింది నా పని!

పవిత్ర నా తొడ గిల్లింది చూడండి, ఇంకా మచ్చ ఉండాది. ఆమెన్ అంటే కండ్లు తెరవాల. తెరిస్తే లక్ష్మమ్మ మొగం చూడాల. రేపే ఈ పిల్లని గార్మెంట్స్ బస్సు ఎక్కిస్తాదేమో, నా మూలంగా దీని చదువు పోతాదే అని భయపడితి. ప్రార్థన మధ్యలో ఎవరూ తిట్టరు కదా, అయితే ఆపేదే వద్దనుకుంటి.

వీధి కొళాయిలో నీళ్ల కోసం ప్రార్థించినా. బాగేపల్లిలో మా చిన్నమ్మ శెనక్కాయ పంట కోసం, దానికి పడాల్సిన వాన కోసం ప్రార్థించినా. బస్సు కండక్టర్లు, ఆస్పత్రిలో నర్సమ్మలు, సరిహద్దులో సైనికులు, ఎవరినీ వదల్లేదు. దేశాలన్నీ అయిపోతాండాయి, ఆమెన్ అనేదానికి మాత్రం ధైర్యం చాలలేదు. ఏందో కమురు వాసన వస్తాంది. ఆ భయంలో అదీ పట్టించుకోలేదు.

"అమ్మా, నీకు దండం పెడతా, ఆమెన్ అను! పప్పు మాడిపోతాంది!"

లక్ష్మమ్మ గొంతు. "ఆమెన్" అంటి. కండ్లు తెరిస్తే ఇల్లంతా పొగ. ఆమె గిన్నె దించి, వచ్చి నా ఎదురుగా నిలబడె.

"నువ్వు ఆ మాట అన్నప్పుడే ఆపేసింటే దీని వీపు సాపు చేసింటాను. నీ ప్రార్థన అయ్యేలోపల నా కోపం చల్లారె, పప్పు మాడె" అనింది. కూతురి వైపు తిరిగి, "ఏడ్చింది చాలు. మళ్లీ రాయి. ఇంగొకసారి అబద్ధం చెప్పితివో, అప్పుడుంటాది నీకు" అనె.

నాకు ప్రాణం లేచొచ్చింది. పవిత్ర మాత్రం మాడిన గిన్నె తీసుకోని తోముతా కూర్చునె. తప్పయిపోయిందమ్మా అన్నా తల ఎత్తలేదు. ఇంక ఈ పిల్ల నన్ను నమ్మదు, మీటింగ్‌కి రాదు అని నాలుగు దినాలు తిండి సయించలేదు.

ఆదివారం పవిత్ర వచ్చింది! మూలన కూర్చుంది. పిల్లలు తమ కోరికలు చీటీల్లో రాసి డబ్బాలో వేస్తారు, నేను గట్టిగా చదివి ప్రార్థన చేస్తా. నాలుగో చీటీ విప్పినా. పేరు లేదు, రాత మాత్రం పవిత్రదే. "ప్రభువా, మా అక్క నోటికి కావలి పెట్టు. కుదరకుంటే బీగమన్నా వెయ్యి."

పిల్లలంతా పకపకా నవ్విరి. మూలలోంచి కూడా నవ్వు వినిపించె. అప్పుడు నా జన్మలోనే పొట్టి ప్రార్థన చేసినా. "ఆమెన్!" అంతే.

ఆ చీటీ ఎవరు రాసిందో ఇంతవరకు ఒక్క నరమానవునికి చెప్పలేదబ్బా. మీకు తప్ప!