తిమింగిలం పాఠం

ఆ రోజుల్లో మార్కాపురంలో సముద్రం చూసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేనూ చూడలేదు. అయినా మద్రాసు దొరతనం వారి వాచకంలో తిమింగిలం ఉంది గనుక నేను చెప్పక తప్పదు, తాగడానికి నీళ్ళు దొరకని పిల్లలు వినక తప్పదు. అప్పుడే ట్రైనింగు ముగించుకొచ్చిన తాత్కాలికపు పంతుల్ని. ఇన్‌స్పెక్టరు పాఠం విని సరేనంటే ఉద్యోగం ఖాయం. ఖాయమైపోయిందని ఎర్రగొండపాలెంలో అమ్మకు కబురు కూడా పంపాను (తొందర నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు). ఆవిడ ఉన్న ఒక్క బర్రెనూ అమ్మేసి మూట కట్టుకుని వచ్చేసింది.

తనిఖీ రోజున ఇన్‌స్పెక్టరు పక్కన మా బడిని నడిపించే మేనేజరు కూర్చున్నాడు. ఊళ్ళో పలకల వ్యాపారమంతా ఆయనదే. అందరూ 'పెద్దమామ' అనేవారు. నేను గొంతు సవరించుకున్నాను. సంస్కృతంలో తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది తిమింగిలం, దాన్నీ మింగేదాన్ని పూర్వులు తిమింగిలగిలం అన్నారని చెప్పాను. నిజానికి అది చేప కాదు, పిల్లకు పాలిచ్చే జంతువు. పేరు పెట్టినవాళ్ళకు మాత్రం దాని మింగుడే కనిపించింది.

పిల్లలు గుడ్లప్పగించి చూశారు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవాలని ట్రైనింగులో మాకు నూరిపోశారు కదా! "మన ఊళ్ళో ఇట్ల ఒకదాన్నొకటి మింగేవి ఏమున్నాయిరా?" అని అడిగాను. కప్పనూ పామునూ చెబుతారనుకున్నాను.

ముందు వరసలో ఒక పిల్ల లేచింది. "చిన్నాయన దుకాణాన్ని మా నాయన మింగినాడు అయ్యవారూ. మా నాయన దుకాణాన్ని పెద్దమామ మింగినాడు."

"అట్లయితే పెద్దమామే తిమింగిలగిలం!" అని తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది. (పాఠం అంత బాగా తలకెక్కినందుకు నా ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి.) ఇన్‌స్పెక్టరు పగలబడి నవ్వి "బహుబాగు" అన్నాడు. మేనేజరూ నవ్వాడు. బతికిపోయాననుకున్నాను.

మర్నాడు నా కుర్చీలో మేనేజరు బావమరిది కూర్చుని ఉన్నాడు. ఇదేమిటని అడగబోతే, "బాగా చెప్పినావు అల్లుడా, ఇంకేడన్నా చెప్పుకో పో" అన్నాడు మేనేజరు.

అమ్మ విప్పిన సామానంతా మళ్ళీ సర్దింది. "సముద్రం సంగతి చెప్పమంటే ఊరి సంగతి ఎందుకు చెప్పినావురా?"

"నేను చెప్పలా. పిల్లోళ్ళే చెప్పినారు."

"వాళ్ళకు ముందే తెల్సుంటే నువ్వు నేర్పిందేంది మరి?"

ఇన్‌స్పెక్టరు మెప్పును తలుచుకుని మురిసిపోతూ అమ్మ వెనకాల నడిచిన ఆ కుర్రపంతులు గుర్తొస్తే నవ్వొస్తుంది. ముందు నడిచిన అమ్మ గుర్తొచ్చాక ఆ నవ్వు నిలవదు.