జెండా లేని దళంలో బెర్నడెట్

బెర్నడెట్ ఆర్చులేటాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఆమె దగ్గర పని నేర్చుకున్న సిపాయిలంతా చెబుతారు. ఆమె ప్యూబ్లోలో ఉక్కు కర్మాగారం పక్క వీధిలో పుట్టింది. నాన్న కొలిమి ముందు, అమ్మ ఎలోయిసా పొయ్యి ముందు. ఆ ఇంట్లో మెల్లగా మాట్లాడినవాళ్ళు లేరు. వైమానిక దళంలో చేరి, ఉపగ్రహాలను నేలమీద నుంచి నడిపే పని నేర్చి, సార్జెంటై, ఆ పనే వెనక వచ్చినవాళ్ళకు నేర్పుతూ సగం జీవితం గడిపేసింది. అంతరిక్ష దళం కొత్తగా ఏర్పడి, ఆమెను అందులోకి మార్చినప్పుడు యూనిఫాం మీద పేరు మారింది గానీ నోరు మారలేదు.

కొత్త దళానికి సిపాయిలను తయారుచేసే శాశ్వత విభాగం అప్పటికింకా కాగితాల మీదే ఉంది. అది వచ్చేదాకా పని ఆగకూడదని ఒక తాత్కాలిక శిక్షణ దళాన్ని నిలబెట్టారు. నిలబెట్టారనడం కూడా ఎక్కువే. తాత్కాలికం కాబట్టి దానికి జెండా ఇవ్వలేదు. సొంత గది లేదు. కూర్చునే కుర్చీల వెనక వేరే దళాల పేర్లు అతికించి ఉండేవి. అన్నిటికన్నా ఘోరమేమిటంటే, మాట్లాడుకునే లైను కూడా అరువుదే. శిక్షణ గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరేం మాట్లాడినా, నడవా అవతల నిజం ఉపగ్రహాలను నడిపే హాల్లో వినబడేది.

అందుకని ఆ గదిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. డ్రిల్లు జరుగుతున్నంతసేపు ఏం చెప్పినా ముందూ వెనకా "ఇది అభ్యాసం" అనాలి. ఎవరైనా మరిచిపోతే నేర్పే సార్జెంటు ఆ క్షణమే లైను ఆపేయాలి. మాకు వేరే లైను ఇవ్వండి మొర్రో అని బెర్నడెట్ అడిగినప్పుడల్లా ఆ దళానికి పెద్ద అయిన కర్నల్ వెండెల్ గార్విన్ నవ్వి, "శాశ్వత విభాగం రానివ్వండి సార్జెంట్, చూద్దాం," అనేవాడు. గొంతు పెంచేవాడు కాదు, విసుక్కునేవాడు కాదు. ఆ మర్యాద చూస్తే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఆ తరగతిలో డెలానీ ఓయ్లర్ అని నెబ్రాస్కా మొక్కజొన్న రైతుల అమ్మాయి ఒకతె ఉండేది. చురుకైనది, కంగారు మనిషి. ఒకనాటి డ్రిల్లులో బెర్నడెట్ ఆమెకు అందరికన్నా కష్టమైన చిక్కు ఇచ్చింది. ఉపగ్రహం ఉన్నట్టుండి పలకడం మానేసిందనుకో, ఏం చేస్తావో చెయ్యమంది. డెలానీ బెదరలేదు. పక్కవాళ్ళకు పనులు పురమాయిస్తూ, ఒక్కొక్క దారీ వెతుక్కుంటూ పోయింది. చివరికి వేడి మీద, "ఉపగ్రహం పలకడం లేదు! బ్యాటరీ పడిపోతోంది! చెయ్యి దాటిపోయింది!" అని అరిచింది. ముందు గానీ వెనక గానీ అభ్యాసమన్న మాట లేదు. బెర్నడెట్ వెంటనే లైను ఆపాలి. ఆపలేదు. పిల్ల ఎంత బాగా చేస్తోందో చూసుకుని మురిసిపోతూ ఉండిపోయింది.

అవతల హాల్లో ఒక మేజర్ ఆ కేక విని పైవాళ్ళకు ఫోన్ చేశాడు. ఒక జనరల్ మీటింగు మధ్యలోంచి లేచి పరుగెత్తాడు. శత్రువెవడో ఉపగ్రహాన్ని దెబ్బతీశాడనుకున్నారు. అది నిక్షేపంగా తిరుగుతోందని తేలేలోపు కర్నల్ గార్విన్ పరువు కాస్తా పోయింది.

మర్నాడు ఆయన బెర్నడెట్‌ను పిలిపించాడు.

"ఓయ్లర్‌ను పంపించేద్దాం. నిర్లక్ష్యమని మీరొక్క మాట చెబితే చాలు. వచ్చే వారం శాశ్వత విభాగం మొదలవుతోంది. అక్కడ శిక్షణకంతా మీరే పెద్ద. మీ అమ్మగారికి దగ్గర్లోనే ఉండొచ్చు కూడా."

ఆ పదవి ఆమెకు కావాలి. దానికోసమే ఆ అరువు కుర్చీల్లో అన్నాళ్ళు కూర్చుంది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం మనసు అటు లాగింది కూడా. లాగినందుకు తన మీద తనకే అసహ్యం వేసి, ఆ మంట కూడా ఆయన మీదే పోసింది.

"లైను ఆపాల్సింది నేను సర్, ఆపలేదు. వేరే లైను ఇవ్వాల్సింది మీరు, ఇవ్వలేదు. ఆ పిల్ల కంగారులో ఒక్క మాట మర్చిపోయింది. మనిద్దరం కుర్చీల్లో ఉండి దాన్ని గెంటుతామా? సిగ్గుండక్కర్లా?"

"గొంతు తగ్గించండి సార్జెంట్."

"తగ్గించి అడిగినప్పుడు మీకు వినబడలేదుగా!"

"అయితే తప్పు మీమీద రాయాల్సొస్తుంది. కొత్త విభాగంలో మీకు చోటుండదు."

"రాయండి. పెన్ను లేకపోతే నాది ఇస్తా."

బయట నడవాలో డెలానీ అప్పుడే బ్యాగు సర్దుకుని నిలబడి ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఎవరు సర్దమన్నారే నిన్ను?" అంది బెర్నడెట్.

"నావల్లే కదా సార్జెంట్ ఇదంతా..."

"నీవల్లే. నావల్ల కూడా. ఏడుపాపి పోయి నీ సీట్లో కూర్చో. అది ఖాళీగా కనబడిందంటే నీ సంగతి చెప్తా."

బెర్నడెట్ ఆ నెలలోనే పదవీ విరమణ తీసుకుంది. దళం మూసేటప్పుడు జెండాను చుట్టి సంచిలో పెట్టి గౌరవంగా సాగనంపడం ఆచారం. ఈ దళానికి జెండాయే లేదు కాబట్టి అది ఎప్పుడు పోయిందో కూడా ఎవరికీ తెలియలేదు. కొత్త విభాగం జెండా విప్పిన రోజున గార్విన్ చాలాసేపు ఉపన్యసించాడని, తాత్కాలిక దళంలో చాకిరీ చేసిన ఒక్కరి పేరూ ఎత్తలేదని విన్నప్పుడు ఆమె ప్యూబ్లోలో తల్లి పక్కన కూర్చుని కాల్చిన మిరపకాయల తొక్క తీస్తోంది.

"వాణ్ణొకసారి భోజనానికి పిలువు," అంది ఎలోయిసా. "ఈ కారం పెట్టి నీళ్ళివ్వకుండా కూర్చోబెడతా."

కొన్నాళ్ళకు డెలానీ ఫోన్ చేసింది. తరగతి గట్టెక్కింది. అక్కడ పాసైన వాళ్ళ భుజానికి బ్యాడ్జీ ఎవరు పెట్టాలో వాళ్ళే ఎంచుకుంటారు. అమ్మో, నాన్నో, స్నేహితుడో వచ్చి గట్టిగా చరిచి అతికిస్తారు. డెలానీ బెర్నడెట్ పేరు చెప్పింది.

"కర్నల్ ఒప్పుకోలేదు సార్జెంట్. ఆవిడిప్పుడు ఈ దళంలో లేరు, వేరే పేరు చెప్పమన్నారు. అయితే నా భుజం ఖాళీగానే ఉండనివ్వండి సర్, మావాళ్ళడిగితే ఎందుకో నేనే చెప్పుకుంటానన్నాను. అప్పుడు సరేనన్నారు. మీరొస్తారా?"

బెర్నడెట్ జీన్స్ ప్యాంటు మీదే వెళ్ళింది. పేరు పిలవగానే వెనక వరసలోంచి నడుచుకుంటూ వచ్చి, డెలానీ భుజం మీద బ్యాడ్జీ పెట్టి, గది అంతా వినబడేట్టు చరిచింది.

"నొప్పెట్టిందా?"

"పెట్టింది సార్జెంట్."

"పెట్టాలి."

అప్పుడే గార్విన్ నవ్వుతూ పక్కకు వచ్చి చెయ్యి చాచాడు. ఎదురుగా ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. బెర్నడెట్ చేతులు జేబుల్లో పెట్టుకుంది.

"ఫొటో వద్దు సర్," అంది. "నేను ఈ దళంలో లేను కదా."