మునేట్లో దిగిన మా అత్తయ్య

పోయిన వారం మా అత్తయ్య కన్నుమూశారు. నందిగామలో బళ్ళో పాఠం చెబుతుండగా మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయింది, వచ్చెయ్" అన్నారు. ఆవిడ మంచాన పడలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. పొద్దున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాల్చారట. అంతే. చిల్లకల్లులో సమాధి దగ్గర మా చర్చి సంఘంలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని ఇంచుమించు ఒకే మాట అన్నారు: "నీళ్ళలో నన్ను పట్టుకుంది ఆవిడే."

ఆ మాట మీకు అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా అత్తవారి సంఘంలో బాప్తిస్మం ఊరికి దగ్గర్లో పారే మునేట్లో ఇస్తారు. నడుం లోతు నీళ్ళలో పాస్టరు అయ్యగారు నిలబడతారు. తీసుకునేవాళ్ళు తెల్లబట్టలతో ఒక్కొక్కరే దిగుతారు. ఆయన "నమ్ముతున్నావా?" అని అడుగుతారు. "నమ్ముతున్నా" అనగానే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరిట వెనక్కి వాల్చి నిలువునా ముంచి లేపుతారు. మునగటం పాత మనిషిని పూడ్చిపెట్టటం, లేవటం కొత్త బతుకులోకి రావటం. ఆడవాళ్ళ వంతు వచ్చినప్పుడు అత్తయ్య కూడా నీళ్ళలోకి దిగేవారు. ఆవిడ గాజులకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడేవి. వాటితో పైటలు, కుచ్చిళ్ళు సర్ది, భయపడేవాళ్ళ చెవిలో చెప్పేవారు: "మోకాళ్ళు వంచటం వరకే నీ పనమ్మా. లేపటం నీ పని కాదు."

నేను రెడ్డిగూడెం పిల్లని. మా పుట్టింటి సంఘంలో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు, నుదుటి మీద నీళ్ళు పోసి. నన్ను ఎత్తుకుని నిలబడ్డది మా నాన్న. ఈ బిడ్డను నీ మార్గంలో పెంచుతానని ఆయన దేవుడికి మాట ఇస్తుంటే నేను హాయిగా నిద్రపోతున్నానట. పెద్దయ్యాక ఆ మాటను సంఘం ముందు నిలబడి నా నోటితో నేనే ఒప్పుకున్నాను. నాన్న నా పెళ్ళికి ముందే పోయారు.

పెళ్ళయ్యాక మొదటిసారి, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల జరిగిన ఆదివారం చాప మీద అత్తయ్య పక్కన కూర్చున్నాను. రొట్టె పళ్ళెం పట్టుకొచ్చిన సంఘ పెద్ద అత్తయ్యకు ఇచ్చి, నా దగ్గర ఆగిపోయాడు. "నువ్వింకా బాప్తిస్మం తీసుకోలేదు గదమ్మా. తీసుకున్నాక పుచ్చుకుందువుగాని" అన్నాడు, మెల్లగానే.

"తీసుకున్నానండి, చిన్నప్పుడు" అన్నాను.

"అది చిలకరింపమ్మా. దాన్ని మనం లెక్కలోకి తీసుకోం."

తల వంచుకున్నాను. పక్కన అత్తయ్య అప్పటికే చేతిలోకి తీసుకున్న రొట్టె ముక్కను తిరిగి పళ్ళెంలో పెట్టారు. ఆయన విస్తుపోయి చూశాడు. "కానీయండి, ముందుకెళ్ళండి" అన్నారు ఆవిడ.

నెలకోసారి జరిగే ఆ బల్లకు ఆవిడ ఒక్కసారి కూడా మానకుండా వచ్చి, ఏమీ పుచ్చుకోకుండా నా పక్కన కూర్చునేవారు. గుసగుసలు మొదలయ్యాయి. ఒకావిడ మొహం మీదే అడిగేసింది: "కోడలి కోసం ప్రభువునే వదులుకుంటావా వదినా?"

"వదల్లేదే! ఆయన బల్ల దగ్గరే కూర్చున్నా. ఆకలితో కూర్చున్నా, అంతే."

నాకు మాత్రం మనసు నిలిచేది కాదు. ఒకరోజు ఆవిడ వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే వెళ్ళి చెప్పాను: "అత్తయ్యా, నేను మునిగేస్తాలెండి. మీరిట్లా ఉంటే నాకు బాగాలేదు."

ఆవిడ తలెత్తలేదు. "ఎవరి కోసం మునుగుతావు?"

"మీ కోసమే."

"నా కోసం మునిగితే అది వట్టి స్నానం అవుద్ది. స్నానానికి మునేటి దాకా ఎందుకమ్మాయ్? పెరట్లో బోరింగుంది."

ఇద్దరం నవ్వేశాం. నవ్వాక ఆవిడ చేతులు దులుపుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఎప్పుడన్నా నీ మనసుకే తోస్తే చెప్పు, నేనే పట్టుకుంటా. తోచకపోతే వద్దు. బలవంతాన మునిగినోళ్ళు తడిసొస్తారు, అంతే."

చివరికి అయ్యగారే ఇంటికి వచ్చారు. నెమ్మదైన మనిషి. అత్తయ్య ఇచ్చిన టీ తాగి, "అమ్మా, మీ మనసులో ఏముందో చెప్పండి. మీరు రొట్టె పుచ్చుకోకపోతే సంఘమంతా నన్నే చూస్తోంది" అన్నారు.

"ముంచుడే సరైందని నేను ఇవాళ్టికీ అంటా అయ్యగారూ. నేనట్లా దిగినదాన్నే. మా వాళ్ళెవరూ ఒప్పుకోకపోయినా దిగా. ఆ రోజు నాకెంత గొప్పదో నాకు తెలుసు. కానీ ఈ పిల్ల తండ్రి దేవుడికిచ్చిన మాట చెల్లదనటానికి నేనెవర్ని? నీళ్ళు తక్కువ పడ్డాయంటే ఒప్పుకుంటా. దేవుడు తక్కువ పడ్డాడంటే మాత్రం ఒప్పుకోను."

అయ్యగారు టీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత నా వైపు తిరిగి, నీళ్ళలో నిలబడి అడిగినట్టే అడిగారు: "నమ్ముతున్నావా అమ్మా?"

"నమ్ముతున్నానండి."

"సంఘం ముందు ఆ మాట చెప్పగలవా?"

"చెప్తానండి."

చెప్పాను. మా నాన్న గురించి, నా నమ్మకం గురించి, తడబడకుండా చెప్పాను. సంఘంలో అందరికీ నచ్చలేదు. ఒక కుటుంబం చాలాకాలం మాతో సరిగ్గా మాట్లాడలేదు. అయితే అయ్యగారు తన మాట మీద నిలబడ్డారు. ఆ ఆదివారం పళ్ళెం నా దగ్గరా ఆగింది. ఇద్దరం రొట్టె నమిలినంత సేపూ అత్తయ్య చెయ్యి నా మోకాలి మీదే ఉంది.

నేను తర్వాత కూడా మునేట్లో మునగలేదు. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. మునిగిందానికి, మునగనిదానికి ఒకే ఇంట్లో ఒకే ప్రార్థన సరిపోయింది. కూలికి వెళ్ళి పిల్లల్ని చదివించిన మనిషి ఆవిడ. కోపం వస్తే వీధి చివరికి వినపడేది. పొగిడితే మాత్రం, "చాల్లే, కూరలో ఉప్పు చూడు" అని లేచిపోయేవారు. బాప్తిస్మం తీసుకున్న మర్నాడే పక్కింటివాళ్ళతో గొడవపడ్డ ఒకాయన్ని చూసి, "నీళ్ళలోంచైతే లేచాడు, ఇక మంచం మీంచి లేచినప్పుడల్లా అట్లాగే లేవాలి" అన్నారు. బాప్తిస్మం గురించి నేను విన్న ప్రసంగాల్లో ఇంతకన్నా సూటి మాట లేదు.

మా అమ్మాయికి పసితనంలో ఈ సంఘం పద్ధతి ప్రకారం దీవెన ప్రార్థన మాత్రమే చేశారు. డిగ్రీ చదువుతుండగా తనంతట తనే వచ్చి, "అమ్మా, నేను మునేట్లో బాప్తిస్మం తీసుకుంటా" అంది. నన్ను బాధపెడుతున్నానేమోనని దాని కళ్ళలో ఒక జంకు. "నానమ్మకు చెప్పు, పట్టుకుంటానంటుంది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా మనసు తేలిగ్గానే ఉంది.

అప్పటికే అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. వద్దన్నా వినలేదు. మా అమ్మ కూడా రెడ్డిగూడెం నుంచి వచ్చింది. నదిలో బాప్తిస్మం ఇవ్వటం ఆవిడ అంతకుముందు చూడలేదు. తుండుగుడ్డ గుండెలకు హత్తుకుని ఒడ్డునే నిలబడిపోయింది. అమ్మాయి మునిగి లేచింది. జుట్టంతా మొహం మీద పడి, కళ్ళు తెరవలేక చేతులు చాచి తడుముకుంటోంది. అత్తయ్య దాని రెక్క పట్టుకుని ఒడ్డు వైపు నడిపిస్తూ మా అమ్మను చూసి కేకేశారు: "రండి వదినా, కొంచెం దిగండి. లోతేం లేదు!"

అమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత తుండు విప్పి పట్టుకుని, చెప్పులతోనే నీళ్ళలోకి అడుగేసింది. ఆవిడ ఆకుపచ్చ చీర కుచ్చిళ్ళు మునేటి మీద మెల్లగా విచ్చుకుని, వాళ్ళిద్దరి వైపూ తేలుతూ వెళ్ళాయి.