గరిడీ మట్టి

సోమన్న జన్మలో ఒక్క కుస్తీ గెలవలేదు. పత్తికొండ పక్కన ఆ పల్లెలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు, నవ్వుతూ మరీ చెబుతారు. కానీ గెలిచిన వస్తాదులంతా అతను మెత్తబరిచిన మట్టిలో పడి లేచినవాళ్ళే. తెల్లారకముందే కుస్తీలు నేర్పే గరిడీ తలుపు తీసి, గోదా గుంతలో ఎర్రమట్టిని పారతో తిరగేసి, పసుపు, మజ్జిగ, నువ్వులనూనె కలిపేవాడు. పెళ్ళాం పోయినాక అదే అతని సంసారం.

ఆ మట్టి ఊరికి మందు కూడా. పిల్లాడికి ఒళ్ళు కాలితే తల్లి వచ్చి చిటికెడు తీసుకుపోయి నొసట పెట్టేది.

యాభైయేడులో ఫ్లూ జ్వరం వచ్చింది. ఏ ఇంట చూసినా పడకలే. చిటికెలు పోయి పిడికిళ్ళు, పిడికిళ్ళు పోయి చేటలయ్యాయి. సోమన్నకు ఆ మందు మీద గొప్ప నమ్మకమేం లేదు. రోజూ అందులోనే పొర్లినా ఏటేటా చలిజ్వరంతో వణికినవాడే. అయినా ఏడుస్తూ వచ్చిన తల్లిని పొమ్మనడానికి నోరెట్లా వస్తుంది? జ్వరాలు తగ్గేసరికి గోదా అడుగున గట్టినేల తేలింది. గరిడీ కుర్రాళ్ళలో ఇద్దరు పోయారు. మిగిలినవాళ్ళు భయపడి ఆ గడప తొక్కడం మానేశారు.

గరిడీకి జాగా ఇచ్చింది ఊరి మోతుబరి ఓబుళరెడ్డి తండ్రి. శనక్కాయల కాలం దగ్గరపడుతుంటే ఓబుళరెడ్డి వచ్చి గుంతలోకి తొంగిచూశాడు.

"మట్టి ల్యాదు, మనిసి ల్యాడు. ఇంగ ఈడ శనక్కాయ మూటలేపిస్తా."

"జాగా మీ నాయనదే. గోడలు ఊరోళ్ళు కట్టుకున్యారు గదా, రెడ్డీ."

"అయితే దసరాకు గోదా నింపు. ఒక్క జోడీ కుస్తీ పట్టినా నేను నోరెత్తను."

ఎర్రమట్టి గుట్ట దగ్గర దొరుకుతుంది. ఒక్కడు మోస్తే గోదా ఎన్నటికి నిండేను? మట్టి తీసుకున్న ప్రతి ఇంటికీ పోయి తలా ఒక గంప తెమ్మన్నాడు సోమన్న. కాదన్నవాళ్ళు లేరు, కదిలినవాళ్ళూ లేరు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటినాక బోడి మల్లయ్య. ఊళ్ళంటే ఇంతే, ఏం చేస్తాం!

పోయిన కుర్రాళ్ళలో ఒకడి తల్లి గంగక్క. ఆమె ఇంటిముందు మాత్రం ఆగడానికి మనసొప్పక సోమన్న ముందుకు పోయాడు. మర్నాడు ఆమే గంపతో వచ్చింది.

"నన్నెందుకు అడగలేదప్పా?"

"ఏ మొగం పెట్టుకోని అడిగేది, గంగక్కా? నా మట్టి నీ కొడుకును కాపాడల్యాకపాయ."

"వాడు ఎగిరి దూకిన తావు ఇది. ఈడ మూటలేస్తే వాణ్ణి యాడ చూసుకునేది నేను?"

సోమన్న అక్కడే కూలబడి ఏడ్చాడు. గంగక్క గంప బోర్లించి మళ్ళీ గుట్టకు పోయింది. కొడుకు పోయినామె మోస్తుంటే, పిల్లలు బతికిన తల్లులు ఇంట్లో ఎట్లా కూర్చుంటారు? వీధి వీధీ గంపలెత్తింది.

దసరానాడు ఓబుళరెడ్డి వచ్చేసరికి గంపలు మోస్తున్న ఆడవాళ్ళ వరుస చివర అతని భార్య రామసుబ్బమ్మ నిలబడి ఉంది. పెద్దింటి ఆడమనిషి నెత్తిన గంపతో వీధిలో నడవడం ఆ ఊరు ఎన్నడూ ఎరగదు.

"నువ్వేంది, ఈడ?"

"మనవడు పడకేసినప్పుడు అందరికన్నా పెద్ద చేట నాదే. మీకు చెప్పల్యా."

రెడ్డి ముఖం కందగడ్డయింది. గంప తానే అందుకున్నాడు. గోదా అంచున సోమన్న అడ్డొచ్చాడు.

"చెప్పులు, రెడ్డీ."

చెప్పులు విడిచి దిగి, మట్టి పోసి, చిన్నప్పటి అలవాటుతో చిటికెడు నొసట పెట్టుకున్నాడు. తర్వాత చుట్టూ చూశాడు. కుర్రాళ్ళంతా గోడవతలే నిలబడ్డారు.

"మట్టి సరే. జోడీ యాడుంది?"

సోమన్న అంగీ విప్పి గోచీ బిగించాడు. "ఒకడు నేను. రెండోవాడు ఎట్లాగూ గోదాలోకి దిగినాడు."

జనం నవ్వారు. రెడ్డికి రోషం పొడుచుకొచ్చింది. కుర్రతనంలో సోమన్నను ఎన్నోసార్లు పడగొట్టినవాడాయె. పంచె ఎగ్గట్టి కలబడ్డాడు. కాసేపటికే సోమన్న వీపు మట్టికి ఆనింది.

గోడవతలి కుర్రాళ్ళు ఈలలు వేస్తూ లోపలికి వచ్చారు. సోమన్న పడినచోటే పడుకుని, రెడ్డి వైపు చూసి నవ్వాడు.

"జోడీ పట్టింది, రెడ్డీ. మూటలు మీ కొట్టంలోనే ఏపిచ్చుకో."